పక్కపక్క ఊళ్లకు ఒక్క కచేరీ: బల్వంతరాయ్ మెహతా జీవితం

మన సంఘ సభ్యులలో పంచాయతీ సమితులలోనూ, జిల్లా పరిషత్తులలోనూ ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినవారు ఎందరో ఉన్నారు. గ్రామసేవకులుగా, సమితి బడి పంతుళ్లుగా, గుమాస్తాలుగా, విస్తరణాధికారులుగా, ఓవర్సీర్లుగా, సమితి జీపు డ్రైవర్లుగా వారు తమ యౌవనమంతా పల్లెల మధ్య గడిపారు. శాఖాపరమైన పరీక్షలు రాసిన ప్రతివారికీ బల్వంతరాయ్ మెహతా పేరు కంఠతా వచ్చి ఉంటుంది. 1957 నాటి కమిటీ, మూడంచెల పంచాయతీరాజ్ అని రెండు ముక్కలు రాస్తే మార్కులు పడేవి. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎక్కడివాడు, ఆ ఆలోచన ఆయనకు ఏ అనుభవం నుండి వచ్చి ఉంటుంది, చివరకు ఆయన జీవితం ఎలా ముగిసింది అన్న విషయాలు మాత్రం ప్రశ్నపత్రంలో ఉండేవి కావు. మన పిల్లలకూ మనుమలకూ ఆ పేరే కొత్త. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం.

చదివి వదులుకున్న పట్టా

బల్వంతరాయ్ గోపాల్జీ మెహతా 1900వ సంవత్సరం ఫిబ్రవరి 19న నేటి గుజరాత్‌లోని భావనగర్ సంస్థానంలో జన్మించారు. భావనగర్ కాఠియావాడ్ ద్వీపకల్పంలో పేరున్న సంస్థానం. గాంధీజీ ఇంగ్లండు వెళ్లక ముందు కొద్ది నెలలు చదువుకున్న శ్యామల్‌దాస్ కళాశాల ఆ ఊళ్లోనిదే.

మెహతా గారు బి.ఏ. వరకు చదివారు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చారు. పరాయి ప్రభుత్వం ఇచ్చే పట్టా తనకు అక్కరలేదని ఆయన దానిని తీసుకోకుండానే ఉద్యమంలోకి దిగారు. ఆ రోజుల్లో బి.ఏ. పట్టా అంటే సంస్థానంలో గౌరవమైన ఉద్యోగం, జీవితాంతం నిశ్చింత. ఇరవయ్యేళ్ల వయసులో ఆ దారిని ఆయన తనంతట తానే మూసుకున్నారు.

మరుసటి సంవత్సరం, అంటే 1921లో, ఆయన భావనగర్ ప్రజామండలిని స్థాపించారు. సంస్థానాలలో రాజకీయం మాట్లాడడం బ్రిటిష్ ఇండియాలో మాట్లాడడం కంటె కష్టం. అక్కడ కలెక్టరు స్థానంలో రాజు ఉంటాడు. రాజు మంచివాడైతే నాలుగు మంచి పనులు జరుగుతాయి, కానీ అడిగే హక్కు ప్రజలకు ఉండదు. నిజాం ఏలుబడిలో బతికిన తెలంగాణ పెద్దలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

లాలా లజపతిరాయ్ స్థాపించిన లోక్‌సేవక్ మండల్‌లో మెహతా గారు చేరారు. అందులోని సభ్యులు స్వల్ప జీవనభృతితో పూర్తికాలం దేశసేవకే అంకితం కావాలి. లాల్‌బహదూర్ శాస్త్రి గారు కూడా ఆ సంస్థ సభ్యులే. తరువాతి కాలంలో మెహతా గారు దానికి అధ్యక్షులయ్యారు. 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహంలోనూ, 1930 నుండి సాగిన శాసనోల్లంఘన ఉద్యమంలోనూ, 1942 నాటి క్విట్ ఇండియాలోనూ ఆయన పాల్గొన్నారు. మొత్తం మీద సుమారు ఏడేళ్లు కారాగారంలో గడిపారు.

రెండు వందల దర్బారుల దేశం

ఆయన పుట్టి పెరిగిన కాఠియావాడ్ గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మన కోస్తా జిల్లాలు నాలుగైదు కలిపినంత నేలలో అక్కడ రెండు వందలకు పైగా సంస్థానాలు, ఎస్టేట్లు ఉండేవి. భావనగర్, జునాగఢ్, నవానగర్ వంటివి పెద్దవి. వాటి పక్కనే నాలుగైదు ఊళ్ల సంస్థానాలు, ఒకే ఊరి సంస్థానాలు ఉండేవి. చదరపు మైలు కూడా లేని వెజానోనెస్ అనే సంస్థానం జనాభా రెండు వందల చిల్లర. దానికీ ఒక పాలకుడు ఉండేవాడు.

ఇంత చిన్న చోట న్యాయస్థానం ఎలా పెడతారు? వైద్యుణ్ణి ఎలా పోషిస్తారు? రోడ్డు ఎవరు వేస్తారు? దర్బారు ఖర్చులకే రాబడి చాలదు. కాబట్టి ఎల్లలలో సుంకపు గేట్లు పెట్టి వచ్చేపోయే సరుకు మీద వసూలు చేసేవారు. ఒక బండి ఒక ఊరి నుండి మరొక ఊరికి పోవాలంటే దారిలో ఎన్ని దర్బారులు ఉంటే అన్ని చోట్ల ఆగాలి.

ఈ బాధకు బ్రిటిష్‌వారు రెండు మందులు ప్రయోగించారు. మొదటిది ఠాణా పద్ధతి. సొంతంగా న్యాయవిచారణ జరిపే స్తోమత లేని చిన్న తాలూకాలను గుంపులుగా చేర్చి, ఒక్కొక్క గుంపుకు ఒక ఠాణాదారును నియమించారు. రెండవది 1943 నాటి జోడింపు పథకం. చిన్న చిన్న సంస్థానాల పాలనను పక్కనున్న పెద్ద సంస్థానానికి అప్పగించారు. దానిపై కోర్టులో వివాదం వస్తే 1944లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి మరీ నిలబెట్టింది.

చిన్నవి విడివిడిగా సిబ్బందిని పోషించలేవు కాబట్టి కలిసి పోషించాలన్న లెక్క ఆ రెండింటిలోనూ సరిగానే ఉంది. కానీ ఠాణాదారు ఎవరికి జవాబుదారీ? పైనున్న బ్రిటిష్ ఏజెంటుకు. జోడించిన ఊళ్లకు పెద్ద సంస్థానంలో ఏమైనా మాట చెల్లేదా? చెల్లేది కాదు. ఊళ్లవారిని అడిగి చేసిన ఏర్పాటు కాదది. ఈ తేడా గుర్తు పెట్టుకుంటే తరువాతి కథ సులువుగా అర్థమవుతుంది.

సంస్థానాల ప్రజల తరఫున

1927లో అఖిల భారత సంస్థాన ప్రజల మహాసభ ఏర్పడింది. దాని ప్రధాన కార్యదర్శిగా మెహతా గారు ఎన్నో ఏళ్లు పనిచేశారు. దేశంలో ఉన్న ఐదు వందలకు పైగా సంస్థానాలలో ఎక్కడ ప్రజలు బాధ్యతాయుత ప్రభుత్వం కోరినా వారికి అండగా నిలిచిన సంస్థ అది. మన మచిలీపట్నం వాస్తవ్యులు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1936లో కరాచీలో జరిగిన ఆ మహాసభకు అధ్యక్షత వహించారు. తరువాత నెహ్రూ గారు కూడా దానికి అధ్యక్షులుగా ఉన్నారు.

1948 జనవరిలో భావనగర్ మహారాజు కృష్ణకుమార్ సింహ్‌జీ తన అధికారాన్ని ప్రజాప్రభుత్వానికి అప్పగించారు. ఆ ప్రభుత్వానికి నాయకత్వం వహించినవారు బల్వంతరాయ్ మెహతా. ఇరవై ఏడేళ్ల కిందట ప్రజామండలి పెట్టిన యువకుడు అదే ఊళ్లో అధికార పగ్గాలు చేపట్టారు. కానీ కొద్ది కాలానికే ఆ ప్రభుత్వం మరింత పెద్దదానిలో కలిసిపోయింది. 1948 ఫిబ్రవరి 15న సర్దార్ పటేల్ జామ్‌నగర్‌లో సౌరాష్ట్ర సమాఖ్యను ప్రారంభించారు. రెండు వందల పైచిలుకు దర్బారులు ఒకే రాష్ట్రమయ్యాయి. యు.ఎన్. ధేబర్ దాని మొదటి ముఖ్యమంత్రి. తరతరాల సుంకపు గేట్లకు అంతటితో కాలం చెల్లింది.

రాజుల విషయంలో విలీనమే సరైన మందు. అక్కడ పోయింది పాలకుల అధికారం, ప్రజలది కాదు. మరి ఊళ్ల సంగతి వచ్చినప్పుడు కూడా అదే మందు వాడాలా? పదేళ్ల తరువాత ఈ ప్రశ్న మెహతా గారి ముందుకే వచ్చింది.

ఢిల్లీలో

ఆయన రాజ్యాంగ పరిషత్తులో సభ్యులయ్యారు. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేసి వాటికి స్వపరిపాలనకు తగిన అధికారాలు ఇవ్వాలని రాజ్యాంగం 40వ అధికరణంలో చేరింది. అయితే అది ఆదేశిక సూత్రం మాత్రమే. అమలు కాకపోయినా కోర్టుకు వెళ్లే వీలు లేదు.

నెహ్రూ గారు కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉన్న రోజుల్లో మెహతా గారు అఖిల భారత కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శులలో ఒకరు. గోహిల్‌వాడ్ నియోజకవర్గం నుండి మొదటి లోక్‌సభకు, రెండవ లోక్‌సభకు ఎన్నికయ్యారు. పార్లమెంటు అంచనాల సంఘానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ప్రభుత్వం పెట్టే ఖర్చులో పొదుపు ఎక్కడ చేయవచ్చు, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం వస్తోందా అని చూసే సంఘం అది. ఖర్చుకూ ఫలితానికీ లంకె వెతికే ఆ అలవాటు తరువాతి పనిలో ఆయనకు ఎంతో అక్కరకు వచ్చింది.

అప్పటికి దేశంలో సమాజ వికాస పథకాలు నడుస్తున్నాయి. 1952 అక్టోబరు 2న మొదట 55 ప్రాజెక్టులతో ఇవి మొదలయ్యాయి. ఒక్కొక్క ప్రాజెక్టులో సుమారు 300 గ్రామాలు, రెండు లక్షల జనాభా. ప్రాజెక్టును మూడు బ్లాకులుగా విభజించారు. 1953లో జాతీయ విస్తరణ సేవ కూడా తోడైంది. బ్లాకుకొక బి.డి.ఓ., ఆయన కింద వ్యవసాయం, పశుపోషణ, సహకారం, పంచాయతీలు, సాంఘిక విద్య, ఇంజనీరింగు చూసే విస్తరణాధికారులు, అయిదు నుండి పది గ్రామాలకు ఒక గ్రామసేవకుడు ఉండేవారు.

ఊళ్లోకి జీపు వచ్చింది, కొత్త విత్తనం వచ్చింది, బావులు తవ్వారు, రోడ్లు వేశారు. కానీ డబ్బు ఆగితే పని ఆగేది. ప్రజలు ఆ పనులను సర్కారు పనులుగానే చూశారు. బ్లాకు సలహా సంఘమని ఒకటి ఉన్నా, పేరుకు తగ్గట్టు అది సలహాలు చెప్పడానికే పరిమితం. చెప్పిన సలహా వినాలన్న నిబంధన ఏదీ లేదు.

1957 నాటి నివేదిక

లోపం ఎక్కడుందో చూడమని 1957 జనవరిలో ప్రభుత్వం ఒక అధ్యయన బృందాన్ని నియమించి మెహతా గారిని నాయకుడిగా పెట్టింది. అదే ఏడాది నవంబరులో బృందం నివేదిక సమర్పించింది. 1958 జనవరిలో జాతీయాభివృద్ధి మండలి దానిలోని ప్రధాన సూత్రాలను ఆమోదించింది. పది నెలల్లో నివేదిక, రెండు నెలల్లో ఆమోదం. ఫైళ్ల నడక ఎరిగిన మనకు ఆ వేగం ఎంతటిదో తెలుస్తుంది.

ఆ నివేదికలోని ముఖ్యమైన తర్కాన్ని మన భాషలో ఇలా చెప్పుకోవచ్చు. గ్రామ పంచాయతీ ప్రజలకు దగ్గరగా ఉంటుంది. కానీ దాని విస్తీర్ణం, జనాభా, రాబడి అభివృద్ధి పనులన్నీ మోయడానికి చాలవు. జిల్లాకు స్తోమత ఉంటుంది. కానీ అది ఊరికి చాలా దూరం. కాబట్టి రెండింటికీ నడుమ, బ్లాకు స్థాయిలో, పంచాయతీలన్నీ కలిసి నడుపుకునే ఒక సంస్థ ఉండాలి. అదే పంచాయతీ సమితి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఊరు బడికి రెండు గదులు కట్టుకోవాలనుకుంది. ఎస్టిమేటు వేయాలి, పునాది గుర్తు పెట్టాలి, జరిగిన పనిని కొలిచి ఎం. బుక్కులో ఎక్కించాలి. దీనికి ఓవర్సీరు కావాలి. కానీ ఆ ఊరికి ఆయనతో పని ఏడాదిలో కొన్ని వారాలే. ఇంటిపన్ను, సంత వేలం మీద బతికే పంచాయతీ ఆయనకు ఏడాది పొడవునా జీతం ఇవ్వలేదు. పశువైద్యుడి సంగతీ అంతే, వ్యవసాయాధికారి సంగతీ అంతే. అలాంటి ఊళ్లు యాభయ్యో వందో కలిస్తే ఆ ఓవర్సీరుకు ఏడాదంతా పని ఉంటుంది, ఊళ్లన్నిటికీ ఆయన సేవ దొరుకుతుంది. సమితి కచేరీ అంటే నిజానికి ఇరుగుపొరుగు పంచాయతీల ఉమ్మడి కచేరీ.

ఈ లెక్క ఠాణాల కాలం నుండి ఉన్నదే. మెహతా కమిటీ చేర్చింది మరొకటి. ఆ ఉమ్మడి కచేరీ మీద పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నకు కమిటీ సూటిగా జవాబిచ్చింది. పంచాయతీల నుండి ఎన్నికైనవారే సమితిలో కూర్చోవాలి. బి.డి.ఓ. ఆ సమితికి ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉండాలి. బ్లాకుకు వచ్చే అభివృద్ధి నిధులు సమితి చేతుల మీదుగా ఖర్చు కావాలి. భూమిశిస్తులో వాటా వంటి సొంత ఆదాయ మార్గాలు ఉండాలి. స్త్రీ శిశు సంక్షేమంలో ఆసక్తి గల ఇద్దరు మహిళలను సమితిలోకి తీసుకోవాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి స్థానం ఉండాలి. జిల్లా పరిషత్తు మాత్రం సమితుల పనిని సమన్వయపరచి పర్యవేక్షించేదిగా ఉండాలి.

ఊళ్లను కలిపేసి పెద్ద పంచాయతీలు చేయమని కమిటీ చెప్పలేదు. ఊరి పంచాయతీ ఊరిదే. మంచినీళ్లు, పారిశుధ్యం, వీధిదీపాలు, ఊరి బాటలు దాని బాధ్యతే. సర్పంచు చిన్న ఊరివాడైనా సమితి బల్ల దగ్గర ఆయనకూ ఒక కుర్చీ ఉంటుంది. కాఠియావాడ్‌లో చిన్న ఊళ్ల తరఫున ఎవరో పైవారు నిర్ణయం చేసేవారు. ఇక్కడ చిన్న ఊళ్లే కూర్చుని నిర్ణయించుకోవాలి. తన స్వస్థలంలో చూసిన అనుభవం మెహతా గారిని ఈ దారికి నడిపించి ఉంటుందని అనుకోవడానికి ఆధారం ఆ నివేదిక తీరులోనే కనిపిస్తుంది.

మన రాష్ట్రంలో

రాజస్థాన్‌లోని నాగౌర్‌లో 1959 అక్టోబరు 2న నెహ్రూ గారు పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రెండవ రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1958లోనే జిల్లాకొక బ్లాకు చొప్పున ప్రయోగం చేసి చూశారు. 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. అదే ఏడాది మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ గారి చేతుల మీదుగా ఇక్కడ పంచాయతీరాజ్ ప్రారంభమైంది.

కమిటీ చెప్పినదానికి మన ప్రభుత్వం కొన్ని మార్పులు చేసుకుంది. జిల్లా పరిషత్తు అధ్యక్షుడిగా కలెక్టరు ఉండాలని కమిటీ అన్నది. మన రాష్ట్రంలో ఎన్నికైన అనధికారి అధ్యక్షుడయ్యాడు. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందకు వచ్చాయి. వేలాది మంది ఉపాధ్యాయులు సమితి ఉద్యోగులయ్యారు.

ఆ రోజులు ఎరిగినవారికి సమితి మంచీ చెడూ రెండూ తెలుసు. బస్సు ముఖం చూడని ఊళ్లో బడి వెలిసింది. జాతి ఆంబోతు వచ్చింది. కొత్త వరి వంగడం, ఎరువు వాడకం గ్రామసేవకుడి సైకిలు మీద ఊరు చేరాయి. చిన్న ఊరి సర్పంచు కూడా సమావేశంలో లేచి తన ఊరి చెరువు గండి గురించి బి.డి.ఓ.ను నిలదీయగలిగాడు.

చెడు కూడా అక్కడే ఉండేది. ఉమ్మడి సిబ్బంది అన్న తరువాత ఎవరి పని ముందు అన్న తగవు తప్పదు. సమితి ప్రెసిడెంటు ఊరికి ఓవర్సీరు మూడు సార్లు వెళితే, ఎదుటి పక్షం సర్పంచు ఊరికి ఒక్కసారి వెళ్లడం గగనమయ్యేది. ఉద్యోగికి ఒకవైపు ప్రెసిడెంటు, ఇంకొకవైపు తన శాఖ జిల్లా అధికారి. ఇద్దరి మాటా వినాలి. పంతుళ్ల బదిలీలు రాజకీయమయ్యాయి. నేరుగా ప్రజలు ఎన్నుకోని సమితిలో గెలిచిన వర్గం ఊళ్లకే నిధులు పోతున్నాయన్న ఆరోపణ చాలా చోట్ల వినిపించేది. పంచుకునే పద్ధతి ఎంత మంచిదైనా, వంతు తప్పకుండా అందరికీ అందేలా చూసే నిబంధన లేకపోతే బలమున్న ఊరిదే పైచేయి అవుతుందన్నది సమితులు నేర్పిన పాఠం.

ముఖ్యమంత్రిగా, చివరి ప్రయాణం

1960లో గుజరాత్ ప్రత్యేక రాష్ట్రమైంది. అక్కడి పంచాయతీ చట్టం 1961లో వచ్చి 1963 ఏప్రిల్ 1 నుండి అమలైంది. మెహతా కమిటీ సమితికి పెద్దపీట వేయగా, గుజరాత్ జిల్లా పంచాయతీకి ఎక్కువ అధికారాలు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జీవరాజ్ మెహతా గారి తరువాత బల్వంతరాయ్ మెహతా గుజరాత్ రెండవ ముఖ్యమంత్రి అయ్యారు. తాను సిఫారసు చేసిన దానికి భిన్నమైన పద్ధతి నడుస్తున్న రాష్ట్రానికి ఆయన పాలకులు కావడం విశేషమే.

పదవిలో ఆయన ఉన్నది రెండేళ్లే. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. గుజరాత్ సరిహద్దు రాష్ట్రం. సెప్టెంబరు 19న మెహతా గారు మిఠాపూర్ నుండి కచ్ సరిహద్దు ప్రాంతం వైపు ఒక చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానంలో బయలుదేరారు. వెంట భార్య సరోజ్ బెన్, ముగ్గురు సిబ్బంది, ఒక పత్రికా విలేకరి, ఇద్దరు విమాన చోదకులు ఉన్నారు. కచ్‌లోని సుథరీ గ్రామం దగ్గర పాకిస్తాన్ యుద్ధ విమానం ఆ పౌర విమానాన్ని కూల్చివేసింది. అందులోని ఎనిమిది మందీ మరణించారు. నాలుగు రోజుల్లో కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది.

ఆ విమానాన్ని కూల్చిన పాకిస్తానీ పైలట్ కయిస్ హుస్సేన్ 2011లో, అంటే నలభై ఆరేళ్ల తరువాత, మరణించిన భారతీయ పైలట్ కుమార్తెకు ఉత్తరం రాసి తన విచారాన్ని తెలియజేశారు. అది పౌర విమానమని తెలిపేందుకు దాని చోదకుడు రెక్కలు ఊపి సంకేతం ఇచ్చాడని, అయినా పైనుండి వచ్చిన ఆజ్ఞ ప్రకారం కాల్చవలసి వచ్చిందని ఆయన చెప్పుకున్నారు. ఆ కుమార్తె క్షమాభావంతోనే జవాబు రాశారు. ఈ ఉత్తర ప్రత్యుత్తరాల వల్ల బల్వంతరాయ్ మెహతా పేరు మళ్లీ పత్రికలలోకి వచ్చింది.

ఆయన తరువాత

ఆయన పోయాక పంచాయతీరాజ్ మీద శ్రద్ధ సన్నగిల్లింది. చాలా రాష్ట్రాలలో ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా పడ్డాయి. సమితులు ప్రత్యేకాధికారుల పాలనలోకి పోయాయి. 1978లో అశోక్ మెహతా కమిటీ నివేదిక ఇచ్చింది. ఇద్దరు మెహతాలను ఒకరుగా పొరబడేవారు ఉన్నారు. అశోక్ మెహతా సోషలిస్టు నాయకుడు. చిత్రమేమంటే ఆయన జన్మస్థలం కూడా భావనగరే. 15 వేల నుండి 20 వేల జనాభాకు ఒక మండల పంచాయతీ ఉండాలని, మూడంచెల బదులు రెండంచెలు చాలునని ఆయన కమిటీ చెప్పింది.

మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1986 చట్టంతో మూడు వందలకు పైగా ఉన్న సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండల ప్రజా పరిషత్తులను ఏర్పాటు చేసింది. గ్రామ పంచాయతీలను మాత్రం అలాగే ఉంచింది. కచేరీ ఊరికి దగ్గరైంది. కానీ ఒక్కొక్క కచేరీ పంచుకునే ఊళ్లు తగ్గాయి కాబట్టి సిబ్బందీ నిధులూ పలచబడ్డాయని అప్పటి ఉద్యోగులు అనుకునేవారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చి, అయిదేళ్లకొకసారి ఎన్నికలు తప్పనిసరి చేసింది. 40వ అధికరణంలో సూత్రంగా ఉన్నది అప్పటికి గాని గట్టి చట్టం కాలేదు. దాని ప్రకారం మన రాష్ట్రం 1994లో కొత్త చట్టం చేసుకుంది.

ఒక కార్యదర్శి రెండు మూడు పంచాయతీలను చూసే పద్ధతి మనకు చిరకాలంగా అలవాటు. ఆయన ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో తెలియక జనం జనన మరణ పత్రాలకు తిరిగేవారు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాక రెండూ దీనికి వేర్వేరు దారులు వెతికాయి. తెలంగాణ 2018 చట్టంతో తండాలకూ గూడేలకూ సొంత పంచాయతీలు ఇచ్చింది. పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శి అన్న విధానం చేపట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభించి, రెండు వేల జనాభాను కొలతగా పెట్టుకుంది. అంత జనాభా లేని చిన్న పంచాయతీలు ఒకే సచివాలయం కిందకు వచ్చాయి.

ఊరికొక కార్యదర్శి ఉంటే ఊరివాళ్లకు సుఖం. కానీ చిన్న తండాకు ఇంజనీరునూ పశువైద్యుడినీ వేరుగా ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. వాటిని పక్క ఊళ్లతో పంచుకోక తప్పదు. పంచుకున్నప్పుడు ఆ ఉద్యోగి ఏ రోజు ఏ ఊరికి రావాలో నిర్ణయించే చోట ఆ చిన్న తండాకు కూడా ఒక కుర్చీ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కుర్చీ ఉంటే అది మెహతా గారు కోరిన సమితి. లేకపోతే కాఠియావాడ్ ఠాణా.

మనలో ఎవరికైనా ఈ విషయం పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. సైకిలు తొక్కి, ఎండలో వానలో ఒక ఊరి నుండి ఇంకొక ఊరికి తిరిగి తెలుసుకున్నది. ఉద్యోగ విరమణ అయినా మన ఊళ్లు మనవే. గ్రామసభకు వెళ్లే ఓపిక ఉన్నవారు వెళ్లాలి. మండలానికి వచ్చిన ఉద్యోగి మన ఊరికి ఎన్నాళ్లకొకసారి వస్తున్నాడో లెక్క అడగాలి. సర్పంచుగా ఎన్నికైన పడుచువారికి, ముఖ్యంగా కొత్తగా వచ్చిన మహిళలకు, ఎం. బుక్కు అంటే ఏమిటో, తీర్మానం ఎలా రాయాలో ఓపికగా చెప్పాలి. 1900లో పుట్టి, పట్టా వదులుకుని, ఏడేళ్లు జైలులో గడిపి, యుద్ధకాలంలో ఆకాశంలో ప్రాణం విడిచిన ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి అదే.